సముద్రగర్భ యాత్ర – తాడు పట్టిన చేయి



మదురైలోను, కోయంబత్తూరులోను తరతరాల క్రితమే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నేల తెలుసు, పత్తి తెలుసు, మగ్గం తెలుసు, యంత్రం తెలుసు. సముద్రంతో మాత్రం వారి పరిచయం రామేశ్వర స్నానంతో ముగుస్తుంది. అటువంటి ఇళ్లనుండి నేడు అండమాన్ దీవులకో మాల్దీవులకో వెళ్లి, సముద్రగర్భంలోకి దిగి చూచి రావాలని ఉత్సాహపడే యువతీయువకులు బయలుదేరుతున్నారు. వారంరోజులపాటు ఓడనే ఇల్లుగా చేసుకొని, అక్కడే తిని, అక్కడే నిద్రించి, రోజుకు మూడు నాలుగు మార్లు గాలితొట్టి వీపున కట్టుకొని నీటిలోకి దిగే ఈ యాత్రను ‘లివబోర్డ్’ అంటారు. ఇది కేవలం ధనవంతుల విలాసమా, లేక ఇందులో నేర్వదగిన విద్య ఏదైనా ఉన్నదా అన్నది విచారించదగిన విషయం.

మదురైకి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న తూత్తుకుడి ఈ విద్యకు ప్రాచీన పీఠం. మన్నారు సింధుశాఖలోని ముత్యపు చిప్పల కోసం పరవ కులస్థులైన ఈతగాళ్లు శతాబ్దాలుగా మునిగేవారు. 16వ శతాబ్దం నుండి 1736 వరకు మదురైని పాలించిన తెలుగు నాయక రాజులకు ఆ వేటలో వాటా ఉండేది. 1658లో తూత్తుకుడి డచ్చివారి వశమైన తరువాత కూడా నాయకుని పక్షాన కొన్ని ‘రాళ్ల’ హక్కు సాగింది. రాయి అంటే ఈతగాడు వేగంగా అడుగుకు చేరడానికి కాలితో ఊతగొనే బరువు. మునిగేవారి లెక్కను ఆ రాళ్లలోనే వేసేవారు. మీనాక్షీదేవి నగరంలో కొలువుదీరిన తెలుగు ప్రభువుల ముత్యాల హారాల వెనుక, ఊపిరి బిగబట్టి ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం నీటి అడుగున గడిపిన మనుషులున్నారు.

ఆ ఈతగాని నడుముకు ఒక తాడు ఉండేది. పడవలో ఆ తాడు పట్టేవాడు అతని బావమరిదియై ఉండాలన్నది ఆ తీరంలో నేటికీ చెప్పుకొనే ఆచారం. తోబుట్టువు తాళి తన చేతిలో ఉన్నదని ఎరిగినవాడు ఏమరుపాటుకు లోను కాడని పెద్దల నమ్మకం. సముద్రగర్భ విద్యకంతటికీ ఇదే మూలసూత్రం. దిగేవాని ధైర్యం ఎంత ముఖ్యమో, పైన ఉన్నవాని జాగరూకత అంత ముఖ్యం.

1943లో ఫ్రాన్సు దేశీయులైన జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనువారు అక్వాలంగ్ అనే పరికరాన్ని రూపొందించారు. దానితో మనిషి తన ఊపిరిని తానే మోసుకొని నీటిలో విహరించగలిగాడు. అయితే తాడు పోయిన చోట నియమం వచ్చింది. లివబోర్డ్ ఓడలో ఎవరూ ఒంటరిగా దిగరు. ప్రతివానికి ఒక జోడీ ఉంటాడు. దిగేముందు ఒకరి పరికరాన్ని మరొకరు పరీక్షిస్తారు. పైకి వచ్చిన తరువాత పేరుపేరునా లెక్క చూడనిదే ఓడ కదలదు. బావమరిది చేసిన పనిని ఇక్కడ జోడీ చేస్తున్నాడు.

ఈ నియమాలన్నిటి వెనుక ఉన్నది ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రమే. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతల ఘనపరిమాణం పొందుతుంది. కనుక ఊపిరి బిగబట్టి పైకి లేచినవాని ఊపిరితిత్తులు చిట్లిపోగలవు. ఇది 1662లో ప్రకటితమైన బాయిల్ నియమం. రెండవ ప్రమాదం నత్రజనిది. లోతులో అది రక్తంలో కరుగుతుంది. గోలీసోడా మూత తీయగానే బుడగలు పొంగినట్లు, హఠాత్తుగా పైకి వచ్చినవాని దేహంలో నత్రజని బుడగలై కీళ్లను, నరాలను దెబ్బతీస్తుంది. అందుచేతనే మెల్లగా లేవాలి, ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి, యాత్ర చివర కనీసం 18 గంటలు గడవనిదే విమానం ఎక్కరాదు. వినోదార్థం దిగేవారికి 40 మీటర్లే హద్దు.

ఇంత జ్ఞానం విహారయాత్రికునికి కొన్ని రోజుల శిక్షణలో లభిస్తున్నది. అదే మన్నారు సింధుశాఖలో శంఖాల కోసం మునిగే శ్రామికుని స్థితి వేరు. ఆ శంఖాలే వంగదేశంలో పెళ్లికూతుళ్ల చేతికి గాజులవుతాయి. పడవపై కంప్రెసర్ ఉంచి, దాని గొట్టాన్ని నోట పట్టుకొని గంటలకొద్దీ అడుగున తిరిగేవారు అక్కడ ఉన్నారు. లోతును, కాలాన్ని కొలిచే పరికరం చేత లేదు. ఎంత నెమ్మదిగా లేవాలో చెప్పే గురువు లేడు. ఫలితంగా కాళ్లు పడిపోయినవారు, ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నారు. మోటార్లకు, పంపులకు, కంప్రెసర్లకు పేరెన్నికగన్నది కోయంబత్తూరు. 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి దేశీయ విద్యుత్ మోటారును నిర్మించిన నగరమది. యంత్రాన్ని చేయడం నేర్చిన సమాజానికి, దానిని నమ్మి నీటిలోకి దిగేవాని క్షేమం కూడ బాధ్యతే కదా!

సముద్రం సైతం క్షేమాన్ని కోరుతున్నది. 1955 నుండి 1961 వరకు తూత్తుకుడిలో ముత్యపు వేట సాగింది. చిప్పలు మళ్లీ తగినంతగా పెరగనందున ఆ తరువాత జరగలేదు. 1973లో అక్కడి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ముత్యాన్ని పెంపకంతో సాధించారు. సున్నం కోసం పగడపు దిబ్బలను తవ్వి తీయడం వల్ల నష్టం పెరిగి, 21 దీవులతో కూడిన ప్రాంతాన్ని 1986లో జాతీయ సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు. వాటిలో రెండు దీవులు ఇప్పటికే నీట మునిగాయి. నీరు వేడెక్కి 1998లోను, 2010లోను, 2016లోను పగడాలు తెల్లబారాయి. పాంబన్ దీవిలో నాచు సేకరించే స్త్రీలు తమ పనికి తామే కాలనియమం విధించుకొన్నారు. వారి నాయకురాలు లక్ష్మీమూర్తికి 2015లో సీకాలజీ అంతర్జాతీయ బహుమతి లభించింది. వారిలో చాలామందికి బడి చదువు అంతంతమాత్రమే. అయినా సముద్రానికి విరామం అవసరమన్న పాఠాన్ని వారు ఆచరించి చూపారు.

కావున ఈ యాత్రకు బయలుదేరే బిడ్డను తల్లిదండ్రులు ‘ఖర్చెంత?’ అని అడిగి ఊరుకోరాదు. శిక్షణ పొందావా, ఓడలో ప్రాణవాయువు సిద్ధంగా ఉంటుందా, నీ జోడీ ఎవరు, పగడాన్ని చేత తాకరాదని తెలుసా అని అడగాలి. ఉపాధ్యాయులు పీడనపు పాఠం చెప్పేటప్పుడు పరీక్షలోని సూత్రంతో ఆపక, శంఖం కోసం మునిగేవాని ఊపిరిని కూడ జ్ఞాపకం చేయాలి. ఆ పాఠం తల్లిభాషలో మనసుకెక్కినప్పుడే ఆపదవేళ తటాలున అక్కరకు వస్తుంది. తెలుగు బడికి తెలుగెంతో, ఆ తీరానికి తమిళమంత. శంఖం తీసే శ్రామికుని భాషలోకి ఈ జ్ఞానాన్ని చేర్చగలవారు రెండు భాషలూ ఎరిగిన ఈ పాత తెలుగు ఊళ్ల బిడ్డలే. లోతుకు దిగినవారందరూ పైకి రావాలి. అందుకు తాడు పట్టిన చేయి ఏమరకుండా ఉండాలి. పాఠశాల చేసే పని అటువంటిదే.