గోల్డెన్ గేట్ దాటేది ఎన్నింటికి?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడినదాని రాతప్రతి)

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హాఫ్ మూన్ బే దాకా తెరచాప పడవలో వెళ్ళాలంటే ఎన్నింటికి బయల్దేరాలి? ముందు, ఎప్పుడు బయల్దేరకూడదో చెప్తాను. ఎందుకంటే మేం సరిగ్గా అప్పుడే బయల్దేరాం.

జూలైలో ఒక శనివారం. ముగ్గురు స్నేహితులం, 27 అడుగుల పడవ. పొద్దున్నే వెళ్దాం అనుకున్నాం గానీ, టిఫిన్లూ ఫోటోలూ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అప్పుడే పోటు అయిపోయి నీరు తీయడం మొదలైంది. "ఇంకేం, ఆటే మనల్ని బయటికి లాక్కుపోతుంది" అనుకున్నాం. నిజంగానే లాక్కుపోయింది. మూడింటికి వంతెన కిందకు చేరామో లేదో, అలలు గోడల్లా, ఒకదాని మీద ఒకటి లేచాయి. ఒకతను వాంతులు చేసుకుంటున్నాడు, ఇంకొకతను లైఫ్ జాకెట్ పట్టీ కూడా బిగించుకోలేదు. వెనక్కి తిప్పాం. మా పడవ వేగం 5 నాట్లు, ఎదురొచ్చే నీటిది దాదాపు 4. ఒక్క మైలు వెనక్కి రావడానికి గంట పట్టింది.

అసలు ఏం జరిగిందంటే, వేసవిలో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ వేడెక్కితే సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి 20 నాట్లు దాటడం మామూలే. ఆటు నీరేమో అదే సందులోంచి పడమటికి పోతుంది. గాలీ నీరూ ఎదురెదురైతే అలలు కురచగా, నిటారుగా లేస్తాయి. అదే గాలి, అదే వేగం, నీరు కూడా గాలి వెంటే పోతుంటే అంత ఇబ్బంది ఉండదు.

మా రెండో తప్పు, టైడ్ టేబుల్ ఒక్కటే చూడటం. అది నీటి ఎత్తు చెప్తుంది. ప్రవాహం ఎప్పుడు ఆగుతుంది, ఎప్పుడు ఎంత జోరుగా ఉంటుంది అనేది కరెంట్ టేబుల్ చెప్తుంది. నోవా రెండూ ఇస్తుంది. గోల్డెన్ గేట్ దగ్గర ఈ రెండు సమయాలూ ఒకటి కావు.

ఇప్పుడు నేను చేసేది ఇది. తెల్లవారుజామున ఆటు ఉండే రోజు ఎంచుకుంటాను. ఆటు జోరు తగ్గుతుండగా వంతెన దాటి, నీరు నిలకడగా ఉన్నప్పుడు బయటి ఇసుకమేట దాటేలా చూసుకుంటాను. అప్పటికి గాలి ఇంకా లేవదు. ఉత్తరాన పొటాటో ప్యాచ్ అనే మెరక జోలికి పోను. పెద్ద అలలుంటే అక్కడ నీరు విరుచుకుపడుతుంది. దక్షిణానికి తిరిగాక వాయువ్యపు గాలి వెనక నుంచే వస్తుంది, హాయిగా పోవచ్చు.

తిరుగు ప్రయాణం వేరే లెక్క. అదే గాలి ఇప్పుడు ఎదురు. చీకటితోనే బయల్దేరి, పోటు లోపలికి పోయే వేళకు వంతెన చేరాలి. పొగమంచు ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి.

ఇంకో మాట. మన తెలుగు క్యాలెండర్ కూడా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర ప్రవాహం జోరు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంటే ఈ శనివారం పోటు ఉన్న వేళకి వచ్చే శనివారం దాదాపు ఆటు ఉంటుంది. కుదరకపోతే ఒక్క వారం ఆగితే చాలు!

ఆ రోజు మాకు సెలవు దొరికింది కాబట్టి వెళ్ళాం. సముద్రానికి మన సెలవులతో పనిలేదు కదండీ. పడవ ఎక్కేముందే "ఇన్నింటికల్లా వంతెన దాటకపోతే ఇవాళ్టికి వెళ్ళం" అని టైము కాగితం మీద రాసుకోండి. ఆ టైము దాటితే బే లోపలే తిరిగి, ఇంటికెళ్ళి భోంచేయండి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.