మొక్కుతో పాటు మందూ కావాలి

మంత్రాలయం వచ్చి తుంగభద్రలో మునిగి, రాఘవేంద్రస్వామి బృందావనం చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లలో మనసు బాగాలేనివాళ్లూ ఉంటారు. మొక్కు ధైర్యమిస్తుంది, వద్దనడం లేదు. నలుగురూ పిచ్చి అంటారేమోనని ఆసుపత్రి గడప తొక్కకపోవడంతోనే చిక్కు. వైద్యం మాని మొక్కునే నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి: 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చిక్కి చనిపోయారు. అలా గొలుసులు వేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

మందుతో పాటు మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి. కోపమో దుఃఖమో కట్టలు తెంచుకున్నప్పుడు వెంటనే జవాబివ్వకండి. ఆ చోటు వదిలి నాలుగడుగులు వేయండి. చన్నీళ్లతో మొహం కడుక్కోండి. ఊపిరి మెల్లగా బయటికి వదలండి. ఉద్రేకం తగ్గాకే మాట్లాడండి.

మనసు నలగడానికి ఇంట్లోవాళ్ల తీరూ కారణం కావచ్చు. కట్టుకున్నవాడు రోజూ ఫోను లాక్కుని చూడటం, పుట్టింటికి పోనివ్వకపోవడం, నలుగురిలో కించపరచడం, వదిలిపోతే చస్తానని బెదిరించడం ప్రేమ కాదు, పెత్తనం. మాటలతో మనసును హింసించడం కూడా 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. మహిళలు 181కి ఫోన్ చేయవచ్చు. బెదిరింపే అనిపించినా, ఎవరైనా చస్తానంటే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి.

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం పోలేనివాళ్లకు టెలిమానస్ అనే ఫోన్ సాయం ఉంది. 14416కి రాత్రయినా పగలయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడం కదా, మనసు జబ్బుకూ సిగ్గుపడొద్దు. 14416 నంబరు ఈరోజే రాసిపెట్టుకోండి.