తొమ్మిది ప్రాణాల బాలుడు

బ్రిటిష్ రచయిత్రి డయానా విన్ జోన్స్ 1988లో వెలువరించిన ‘ది లైవ్స్ ఆఫ్ క్రిస్టఫర్ చాంట్’ బాలల నవల సమాంతర లోకాలను, అంటే వేరువేరు చరిత్రలతో పక్కపక్కనే సాగే ప్రపంచాలను, గట్టి తర్కంతో నిర్మించింది. యుద్ధం వంటి ఒక పెద్ద ఘటన రెండు విధాలుగా ముగిసే అవకాశం ఉన్నచోట లోకం రెండుగా చీలుతుందనీ, అలా ఏర్పడిన లోకాలు 12 శ్రేణులుగా ఉన్నాయనీ, సాధారణంగా ప్రతి మనిషికీ తన శ్రేణిలోని ఇతర లోకాల్లో ప్రతిరూపాలుంటాయనీ ఇందులోని సూత్రం. ప్రతిరూపాలు లేని కథానాయకుడు క్రిస్టఫర్‌కు మాత్రం ఆ లోకాల్లో ఉండాల్సిన ప్రాణాలన్నీ ఒక్కడిలోనే చేరి, తొమ్మిది ప్రాణాలతో పాటు అపారమైన మంత్రశక్తీ దక్కుతుంది.

రాత్రివేళ ఆ బాలుడు పడకగదిలోని పొయ్యి మూల దాటి, లోకాల మధ్యనున్న రాతి లోయలోకి నడిచి, అక్కడి నుంచి అన్యలోకాలకు దిగుతాడు; అయితే ఒంటిపై వెండి ఉన్నంతసేపు అతని మంత్రం పనిచేయదు. ఈ నియమాలు కచ్చితంగా ఉండటం వల్లనే మాయ నమ్మదగినదవుతుంది. ప్రయోగాల పేరుతో మేనమామ రాల్ఫ్ అతని ప్రయాణాలను దొంగరవాణాకు వాడుకోవడం నవలకు నైతిక కేంద్రం: పిల్లల నమ్మకాన్ని పెద్దలు స్వార్థానికి వినియోగించుకోవడం ఎంత క్రూరమో చిన్న పాఠకులకు ఉపదేశం లేకుండా బోధపరచడమే ఈ రచన గొప్పతనం.