ఒడిలో పట్టే కంప్యూటర్



ఈ రోజు మాట ల్యాప్‌టాప్ గురించి.

బిడ్డ కాలేజీలో చేరుతుంది. నాలుగు దినాలకు ఇంటికొచ్చి అడుగుతుంది. "అవ్వా, నాకు ల్యాప్‌టాప్ కావాలె." తల్లికి గుండె దడ. "గన్ని పైసలు ఏడికెల్లి తేవాలె బిడ్డా?" లక్షెట్టిపేటలో, చెన్నూరులో, జన్నారంలో, మంచిర్యాల చుట్టూ ఎన్నో ఇండ్లలో ఈ మాట వినిపిస్తుంది.

"అన్న ఫోన్ ఉంది గదా, అండ్ల చదువుకో" అంటారు కొందరు. ఫోన్‌లో పాఠం వినవచ్చు. కానీ పది పేజీలు రాయాలంటే కష్టం. లెక్కల పట్టిక వేయాలంటే ఇంకా కష్టం. పైగా అన్న ఇంట్లో ఉన్నప్పుడే చెల్లెకు చదువు. ఇది న్యాయమేనా?

అసలు ల్యాప్‌టాప్ అంటే ఏమిటి? ల్యాప్ అంటే ఒడి. టాప్ అంటే పైన. ఒడిలో పెట్టుకొని పని చేసే కంప్యూటర్ అన్నమాట. పుస్తకం లాగ తెరుస్తారు, మూస్తారు.

ఒకప్పుడు ఇది ఒడిలో పట్టేది కాదు. 1981లో అమెరికాలో ఆస్బోర్న్ అనే కంప్యూటర్ వచ్చింది. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు అని అమ్మారు. దాని బరువు సుమారు 11 కిలోలు! 2023లో మన దేశంలో జియోబుక్ అనే ల్యాప్‌టాప్‌లో కొత్త రకం వచ్చింది. దాని బరువు 990 గ్రాములు. కిలో బియ్యం కన్నా తక్కువ. అప్పుడు దాని ధర 16,499 రూపాయలు.

ఇంత తేలిక ఎట్ల అయింది? ఆ పాత యంత్రంలో పాత టీవీలో ఉన్నట్టు గాజు గొట్టం ఉండేది. ఇప్పుడు పలుచని తెర వచ్చింది. తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్‌లలో గిరగిర తిరిగే బిళ్ళ ఉండేది. ఇప్పుడు దాని జాగాలో చిన్న చిప్పు వచ్చింది.

తేలిక మంచిదే. బస్సులో పోయే పిల్లకు భుజం నొయ్యదు. తక్కువ ధర కూడా మంచిదే. కానీ ఈ రెండూ చూసి తొందరపడితే ఏమవుతుంది? దీనికి ఒక సంగతి ఉంది.

2011 అక్టోబర్ 5న ఢిల్లీలో సర్కారు ఆకాశ్ అనే చిన్న కంప్యూటర్‌ను విడుదల చేసింది. అది మీట్లు లేని పలక. వేలితో తెరను నొక్కాలి. బరువు సుమారు 350 గ్రాములు. సర్కారు కొన్న ధర సుమారు 2,250 రూపాయలు. మొదటి పలకలను హైదరాబాద్‌లోనే తయారు చేశారు. పేద పిల్లలందరికీ కంప్యూటర్ అందుతుందని దేశమంతా ఆశపడింది.

తీరా చూస్తే తెర గట్టిగా నొక్కితేనే పలికేది. పని నిదానం. బ్యాటరీ తొందరగా అయిపోయేది. 2012 నవంబర్‌లో కొంచెం మెరుగైనది తెచ్చారు. అయినా ఆ పథకం కొన్నేళ్ళకే ఆగిపోయింది. ఆలోచన మంచిది. కానీ ధర తగ్గించడం ఒక్కటే చాలదు. పని కూడా జరగాలి.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదటిది, ఏ పనికి? బి.కాం. చదివే పిల్లకు ట్యాలీ నేర్పుతారు. ట్యాలీ విండోస్ ఉన్న యంత్రం మీద నడుస్తుంది. జియోబుక్‌లో విండోస్ లేదు. పాఠం వినడానికి, రాసుకోవడానికి అయితే అది సరిపోతుంది. కాబట్టి కాలేజీలో సారును, మేడమ్‌ను ముందే అడగాలి. "ఈ చదువుకు ఎసుంటిది కావాలె?"

రెండవది, ర్యామ్ ఎంత? గుమ్మి నిండా వడ్లున్నా చెరగాలంటే చాట కావాలి. యంత్రంలో స్టోరేజ్ అంటే గుమ్మి. ర్యామ్ అంటే చాట. చాట చిన్నదైతే పని నిదానం. విండోస్ యంత్రానికి ర్యామ్ 8 జీబీ ఉంటే మంచిది. డబ్బా మీద ర్యామ్ పక్కన అంకె ఉంటుంది. ఆ అంకె మీరు చదవగలరు. దుకాణపాయన చెప్పింది విని ఊరుకోవద్దు. మీ కళ్ళతో చూడండి.

మూడవది, బిల్లు, వారంటీ. చెడిపోతే ఎవరు బాగు చేస్తారు? ఎన్నాళ్ళు? మంచిర్యాలలోనే బాగు చేస్తారా, హైదరాబాద్ పంపాలా? చిట్టీ మీద రాసిచ్చిన ధర బిల్లు కాదు. తేదీ, ధర, యంత్రం నంబరు ఉన్న బిల్లే బిల్లు.

పాతది కొంటారా? కొనవచ్చు. తక్కువలో మంచివి దొరుకుతాయి. కానీ విండోస్ 11 నడుస్తుందా అని అడగండి. విండోస్ 10కి కంపెనీ మామూలుగా ఇచ్చే రక్షణ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో అక్కడే చూడండి. చార్జర్ తీసి అరగంట నడిపించమనండి. సిగ్గెందుకు? కుండ కొంటే కొట్టి చూస్తారు గదా!

ఇక అప్పు మాట. "నెలకు 1,500 మాత్రమే" అంటారు. లెక్క వేయండి. 12 నెలలకు ఎంత? 18,000. యంత్రం ధర 16,500 అయితే, ఎక్కువ కట్టేది 1,500. ముందుగా కట్టేది ఏమన్నా ఉంటే అది వేరు. సంఘంలో అప్పు తీసుకుంటే వడ్డీ ఎంత? రెండూ పక్కపక్కన రాసి చూడండి. కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు. యంత్రం ఆగినా వాయిదా ఆగదు.

కొన్నాక జాగ్రత్త కూడా కావాలి. మంచిర్యాల ఎండలు తెలిసినవే. రేకుల కింద వేడిలో పెడితే బ్యాటరీ తొందరగా పాడవుతుంది. నీడలో పెట్టాలి. పరుపు మీద కాకుండా పీట మీద పెట్టాలి. గాలి ఆడాలి.

ఇంకో మాట. ఆ యంత్రం బిడ్డకు మాత్రమేనా? అందులో తెలుగు అక్షరాలు కూడా రాయవచ్చు. సంఘం లెక్క వేయవచ్చు. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత బాకీ ఉందో పట్టిక వేసుకోవచ్చు. బలపం పట్టిన చేతికి మీట నొక్కడం కష్టం కాదు. బిడ్డ పక్కన కూర్చోండి. ముందు మీ పేరు రాయండి. తర్వాత మీ ఊరి పేరు రాయండి.

తేలికది కొనండి. తక్కువకు కొనండి. కానీ చదివి కొనండి, అడిగి కొనండి, లెక్క చూసి కొనండి. అప్పుడు దుకాణంలో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.