అనుజ్ఞ పొందిన పిమ్మటనే మార్పు
(జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక సభలో ప్రధానార్చకుల ప్రసంగ పాఠము)



శ్రీస్వామివారి కరుణాకటాక్షము వలన, మీ త్యాగశీలము వలన ఆలయ జీర్ణోద్ధరణ నిర్విఘ్నముగా ముగిసినది. ఈ శుభవేళ మీకొక విన్నపము.

ఆగమ విధిలో మహాకార్యమునకు తొలిమెట్టు అనుజ్ఞ. స్వామిని, ఆచార్యుని, పెద్దలను అడిగి, వారు అంగీకరించిన పిమ్మటనే బాలాలయము ఏర్పరచి, శిల్పులు ఉలి చేపట్టుదురు. గర్భాలయమునకు పాటించిన ఈ నియమమునే మండపములకు, ప్రాకారమునకు, నాలుగు రథవీధులకు కూడ పాటించవలెనని నా ప్రార్థన.

భక్తితో చేసిన పనియే ఒక్కొక్కప్పుడు కీడగును. రాతి స్తంభములకు రంగులు పూసిన శిల్పపు నగిషీ మూసుకొనిపోవును. యంత్రముతో ఇసుక చిమ్మి శుభ్రపరచిన శాసనాక్షరములు అరిగిపోవును. సున్నపు గచ్చు గోడకు సిమెంటు మెత్తిన, లోని చెమ్మ బయటికి పోలేక గోడనే తినివేయును. ఆ శాసనములు ఎవరివి? అఖండ దీపమునకు ఆవులను, నైవేద్యమునకు భూమిని సమర్పించిన మీవంటి దాతలవి. నేటి దాత పేరు చెక్కుటకు నాటి దాత పేరు చెరుపుట ధర్మము కాదు.

శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలినది. 2017లో నూతన గోపురమునకు కుంభాభిషేకము జరిగినది. సంతోషమే, కాని రాయలనాటి కట్టడము మరల రాలేదు. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును విప్పి, తిరిగి కూర్చి, 2024 మహాశివరాత్రినాడు తెరచుటకు పదిహేనేండ్లకు పైగా పట్టినది.

కేంద్ర ప్రభుత్వ రక్షణలోని కట్టడముల చుట్టు నూరు మీటర్ల వరకు కొత్త నిర్మాణములను నిషేధించుచు 2010లో చట్టము సవరింపబడినది. హైదరాబాదులో వారసత్వ కట్టడముల మార్పులను పరిశీలించు నిపుణుల సంఘమునకు ఆధారమైన 1995 నాటి నిబంధన 2015లో తొలగింపబడినది. ఏ జాబితాలోను లేని మన ఆలయమునకు, మన వీధులకు మనమే కావలి.

ఈ పర్యాయము ఒక దాత పదునారు కాళ్ళ మండపము తీసివేసి కల్యాణమందిరము కట్టింతునని ముందుకు వచ్చిరి. స్థపతి, పెద్దలు కూర్చుండి పరిశీలించి, ప్రాకారము వెలుపల స్థలము చూపిరి. దాత సంతోషముగా సమ్మతించిరి. మండపము నిలిచినది, మందిరమును వెలసినది.

ఈ పద్ధతియే నిలువవలెను. స్థపతి, ఆగమ పండితుడు, పురాతన కట్టడములు ఎరిగిన ఇంజనీరు, వీధి పెద్దలు, దాతల ప్రతినిధి గల సంఘము ఒకటి ఏర్పడవలెను. గుడిలో గాని, రథవీధిలో గాని పాతది తీయుటకు ముందు నమూనా పటము వారికి చూపవలెను. వారును కారణము వ్రాతపూర్వకముగా తెలుపవలెను. గృహస్థుల అవసరములను కాదనరాదు. ఇంటిలోపల సౌకర్యములు కల్పించుకొనవచ్చును. వీధి అరుగులు, చెక్క స్తంభములు, గోపుర దర్శనమునకు అడ్డురాని ఎత్తు నిలిచిన చాలును.

తాను దానమిచ్చుటకంటె పరుల దానమును కాపాడుట మిన్న అని మన పూర్వుల మాట. మీరు రెంటిని చేసి తరింతురుగాక!

శుభం భూయాత్.