మీటలకు మాట నేర్పుట

కంప్యూటరు కీబోర్డుపై ఒక మీటను నొక్కినంతనే తెరపై అక్షర మొకటి కనిపించును. ఆ అక్షరము ఆ మీటలోనే దాగియున్నదని మనకు తోచుట సహజము. కాని మీటకు అక్షరజ్ఞానము లేదు. దాని క్రిందనున్న స్విచ్చి రెండు తీగలను కలుపును, విడదీయును. అంతకుమించి దానికి పని లేదు. ఏ తీగలు కలిసినవో కనిపెట్టి, దానికి తగిన సంఖ్యను కంప్యూటరునకు పంపునది కీబోర్డులోపలి చిన్న చిప్పు. ఆ చిప్పులో వ్రాసియుంచిన ఆదేశములకే ఫర్మ్‌వేరు అని పేరు. అంగడిలో కొనెడి సామాన్యపు కీబోర్డులో దానిని తయారుచేసినవారే వ్రాసి, మూత బిగించి పంపెదరు. దానిని మనమే తిరిగి వ్రాసికొనుట ఎట్లు, అందువలన తెలుగు వ్రాయువానికి కలుగు లాభమేమి అనునదే నేటి మన ప్రసంగ విషయము.

ఇట్టి తిరుగవ్రాత ఎక్కువగా జరుగుచున్నది రెండు చెక్కల కీబోర్డులపై. సామాన్యపు కీబోర్డులో మీటల వరుసలు ఒకదాని క్రింద ఒకటి సరిగా నిలువక, కొంచెము ప్రక్కకు జరిగియుండును. ఇది చేతి సౌకర్యమునకై చేసినది కాదు. 1874లో రెమింగ్టన్ సంస్థ అమెరికాలో అంగడికి తెచ్చిన షోల్సు టైపు యంత్రమును, దాని వంశమును చూడుడు. ప్రతి మీటనుండియు ఒక్కొక్క చువ్వ లోపలికి పోవలెను. అవి ఒకదాని నొకటి తగులకుండుటకై మీటలను ప్రక్కకు జరిపిరి. చువ్వలు పోయినవి, వంకర మిగిలినది. రెండు చేతులను ఇరుకైన ఒకే పలకపైకి చేర్చుటచే ముంజేతులు లోపలికిని, మణికట్లు వెలుపలికిని వంగుచుండును. అందుచే కొందరు కీబోర్డును కొబ్బరికాయవలె నడిమికి రెండు చెక్కలు చేసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క భుజమున కెదురుగా నుంచిరి. మీటలను వ్రేళ్ల పొడవునుబట్టి నిలువు వరుసలలో అమర్చిరి. దీనితో చేతినొప్పులన్నియు మాయమగునని మేము చెప్పజాలము. నొప్పి గలవారు వైద్యుని చూడవలసినదే. అయినను దినమంతయు వ్రాయువారికి భుజములు విప్పుకొని కూర్చుండు వీలు చిన్న సుఖము కాదు.

జపానులో రూపొందిన కోర్నె అను కీబోర్డును ఉదాహరణముగా తీసికొందము. ఇందు మీటలు 42 మాత్రమే, చెక్కకు 21. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క తీగ వేసినచో చిన్న చిప్పునకు అన్ని కాళ్లు చాలవు. కనుక అడ్డముగా నాలుగు, నిలువుగా ఆరు, మొత్తము పది తీగలతో గళ్ల పలకవలె అల్లుదురు. ప్రతి మీటకును ఒక డయోడు ఉండును. అది విద్యుత్తును ఒకే దిక్కున పోనిచ్చును. అది లేనిచో మూడు మీటలు కలిపి నొక్కినప్పుడు నొక్కని నాలుగవ మీట కూడ పలికినట్లుండును. చిప్పు ఈ గళ్లను సెకనుకు వందలకొలది సార్లు తడవి చూచుచుండును. స్విచ్చిలోని రేకులు తగిలినప్పుడు క్షణకాలము అదురును గాన, అయిదు మిల్లీసెకనుల వరకు ఓపికపట్టి పిమ్మట తీర్పు చెప్పును.

ఆ తీర్పు ఒక సంఖ్య. ‘కె’ మీటకు 14, పెద్ద బ్రాకెట్టు తెరచు మీటకు 47. ఆ సంఖ్యను ఏ అక్షరముగా చూపవలెనో నిర్ణయించునది కంప్యూటరు. ఆంగ్లము ఎన్నుకొనియున్నచో 14 అనగా ‘కె’. తెలుగు ఇన్‌స్క్రిప్టు ఎన్నుకొనియున్నచో అదే 14 ‘క’ యగును. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రకటించిన ప్రమాణములో చేరిన ఈ ఇన్‌స్క్రిప్టు అమరికలో ఒక అందమున్నది. అచ్చులు, వాని గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు చాలభాగము కుడిచేతికిని వచ్చును. ‘తెలుగు’ అని వ్రాయుడు: త కుడి, ఎత్వము ఎడమ, ల కుడి, కొమ్ము ఎడమ, గ కుడి, కొమ్ము ఎడమ. రెండు చేతులును తాళము వేసినట్లు వంతులవారీగా నడచును. క్రింది వరుసలోని మ, న, వ అను మూడును ఎడమచేతికి పోయినమాట నిజమే. అయినను రెండు చెక్కల కీబోర్డు మన లిపికే పుట్టినదా అనిపించును.

అనిపించినంత మాత్రమున చాలదు. ‘కొండ’ అని వ్రాయబోవుడు. ఇందు నాలుగు నొక్కులు: క, ఒత్వము, సున్న, డ. ఒత్వము మామూలు కీబోర్డున ఎడమవైపు పైమూలనుండు మీటపై కలదు. డ బ్రాకెట్టు మీటపై కలదు. 42 మీటల కోర్నెలో ఈ రెండు మీటలును లేవు! మూల అమరికను వ్రాసినవారు ఆంగ్లమును మనసులో నుంచుకొని, అరుదుగా వాడు చిహ్నములను మరియొక పొరలోనికి నెట్టిరి. కుడి బొటనవ్రేలితో పొరమీటను నొక్కిపట్టి, అదే చేతి మరియొక వ్రేలితో వానిని వెదకికొనవలెను. వారికి బ్రాకెట్టు అరుదే. మనకు వాడు, వీడు, గోడ, కొడుకు — డ లేని గడియ ఏది? కృష్ణ యొక్క ఋత్వమును సమానపు గుర్తుతోపాటు ఆ పొరలోనే దాగియున్నది.

ఇక్కడనే ఫర్మ్‌వేరును మార్చు స్వేచ్ఛ విలువ తెలియును. ఇందుకు క్యు.ఎమ్.కె. అను ఫర్మ్‌వేరు ప్రసిద్ధము. జున్ వాకో రచించిన టి.ఎమ్.కె.ను ఆధారము చేసికొని జాక్ హంబర్ట్ ప్రారంభించగా అనేకులు పెంచినది. దానిలో మీటల అమరిక ఒక పట్టిక. ‘పి’ ప్రక్కన బ్యాక్‌స్పేస్ అనియున్నచోట బ్రాకెట్టు అని మార్చినచో, డ తన సహజస్థానమునకే వచ్చును. షిఫ్టుతో ఢ కూడ దానివెంటనే వచ్చును. ట్యాబ్ చోట ఒత్వపు మీటను, ఎస్కేప్ చోట సమానపు మీటను ఉంచవచ్చును. బ్యాక్‌స్పేస్‌ను కుడి బొటనవ్రేలి క్రింది ఆల్ట్ స్థానమునకు దింపి, తొలగిన ట్యాబ్, ఎస్కేప్, ఆల్ట్‌లను పొరలో ఖాళీయైన చోట్లకు పంపుదము. ఞ మాత్రము పొరలోనే మిగులును. జ్ఞానమునకు కొంత శ్రమ తప్పదు. ఒకే మీట తట్టిన ఒకటిగాను, నొక్కిపట్టిన మరొకటిగాను పనిచేయునట్లు కూడ వ్రాయవచ్చును. రెంటిని వేరుపరచు గడువు మామూలుగా 200 మిల్లీసెకనులు. మా వంటి నిదానపు వ్రేళ్లకు 250 నయము.

సవరించిన పట్టికను చిప్పునకు తెలియు రూపములోనికి మార్చిన పిదప, దానిని చిప్పులోనికి ఎక్కించుటయే ఫ్లాష్ చేయుట. పాత పలకలందు ప్రో మైక్రో అను బోర్డుండును. దాని జ్ఞాపకస్థానము 32 కిలోబైట్లు, అందు నాలుగు బూట్‌లోడరు పాలు. రీసెట్‌ను త్వరత్వరగా రెండుమార్లు తట్టినచో బూట్‌లోడరు ఎనిమిది సెకనులు మేలుకొనియుండును. ఆలోపల ఎక్కించుట ఆరంభము కావలెను. 2021లో వచ్చిన ఆర్.పి. 2040 చిప్పుగల బోర్డులతో పని సులువు. బూట్ మీటను నొక్కిపట్టి కేబులు తగిలించినచో బోర్డు ఒక డ్రైవువలె కనిపించును; ఫైలును అందులో వేసిన చాలును. దాని బూట్‌లోడరు చెరుపరాని స్థానమున నున్నది గాన, నడుమ విద్యుత్తు పోయినను మరల మొదలుపెట్టవచ్చును. పాత చిప్పును తయారుచేసినవారు దానికిచ్చిన హామీ పదివేల వ్రాతలు. దినమున కొకసారి మార్చినను ఇరువదియేడేండ్లు పట్టును.

రెండు చెక్కలలో రెండు చిప్పు లున్నవి గాన రెంటికిని వేరువేరుగా ఎక్కించవలెను. ముఖ్యముగా, చెక్కలను కలుపు కేబులును యు.ఎస్.బి. తగిలియుండగా ఎన్నడును పీకరాదు, గ్రుచ్చరాదు. ఆ సమయమున తీగలు పొరపాటున తాకి చిప్పు కాలవచ్చును. మామూలుగా కంప్యూటరునకు తగిలించిన చెక్కయే ఎడమది యని ఫర్మ్‌వేరు ఎంచును. కుడిదానికి తగిలించినచో అక్షరములు తారుమారగును. ఎవరు కుడి, ఎవరు ఎడమ అనునది చెక్కలలోనే శాశ్వతముగా వ్రాయించు పద్ధతియు కలదు, అదియే మేలు.

ముక్కు మొగము తెలియని వారిచ్చిన ఫైలును ఎక్కించుట మాత్రము తగదు. కీబోర్డు ఏమి చెప్పినను అది మనుష్యుని చేతివ్రాతయే యని కంప్యూటరు నమ్మును. యు.ఎస్.బి. సాధనముల ఫర్మ్‌వేరును మార్చి కంప్యూటరును మోసగించవచ్చునని 2014లో అమెరికాలోని బ్లాక్ హాట్ సభలో పరిశోధకులు ప్రదర్శించి చూపిరి. క్యు.ఎమ్.కె. మూలపాఠము జి.పి.ఎల్. అనుమతి క్రింద బహిరంగముగా నున్నది. దానిని తమ సరకులో నింపి అమ్మువారు మూలపాఠమును కొనినవారికి ఇయ్యవలెను. ఇయ్యనివారును కలరు, కొనకముందే అడుగుట మంచిది.

ఫ్లాష్ చేయు కొలది క్షణములు కీబోర్డు మూగదగును గనుక, వేరొక కీబోర్డును ప్రక్కన ఉంచుకొనుడు. సవరించిన పట్టిక నకలును దాచుకొనుడు. చిప్పునుండి దానిని తిరిగి రాబట్టుట తేలిక కాదు. మీటలపై అచ్చువేసిన గుర్తులు పాతవే గాన, ఇంటిలో ఇతరులును అదే కంప్యూటరు వాడుచున్నచో, ఒక కాగితముపై నలుబదిరెండు గళ్లు గీసి, ఏ గడిలో ఏ అక్షరమున్నదో వ్రాసి గోడకు అంటించుడు. డ ఉన్న గడికి ఎఱ్ఱసిరా వాడినచో పిల్లలకు వెంటనే దొరకును.