నీట్ సీటు రాలేదు... మరి మెడికల్ కాలేజీలో నాకు చోటుందా?

 

పోయిన వారం ఒక చెల్లి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, రెండోసారి కూడా నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇంట్లో మళ్లీ లాంగ్ టర్మ్‌కి వెళ్లమంటున్నారు. ఎంబీబీఎస్ రాకపోతే ఇంక మెడికల్ లైన్‌లో నాకేమీ లేదా?" అని. ఆ మెసేజ్ చదివి చాలాసేపు ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆరేళ్ల కిందట ఆ ప్రశ్న నాదే. ఈ ఎపిసోడ్ ఆ చెల్లి కోసం, అలాంటి మీ అందరి కోసం.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పక్కనే సముద్రం. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. కానీ మా ఊళ్ల పేరు పేపర్లో వచ్చేది ఎక్కువగా కిడ్నీ జబ్బు గురించే. ఎందుకు వస్తోందో ఇదీ కారణం అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. మా పెద్దనాన్నకీ అదే వచ్చింది. డయాలసిస్ కోసం తెల్లారకముందే లేచి విశాఖపట్నం బయల్దేరేవారు. రాత్రికి తిరిగొచ్చి, అన్నం కూడా తినకుండా పడుకునేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయారు. అప్పుడే అనుకున్నాను, డాక్టర్ అవ్వాలని.

ఇంటర్ బైపీసీ చేశాను. మొదటిసారి నీట్‌లో 720కి 340 చిల్లర. ఏడాది లాంగ్ టర్మ్ చదివాక 390 దాటాయి. నా కేటగిరీలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటుకి అవి సరిపోలేదు. మేనేజ్‌మెంట్ సీటు ఫీజు మా వల్ల కాదు. అప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెంటు మా ఇంటికొచ్చాడు. ఫారిన్‌లో ఎంబీబీఎస్, తక్కువ ఖర్చు, వచ్చి ఇక్కడే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు అన్నాడు. ఆ రాత్రి మా నాన్న, "ఏటమ్మా అలా కూర్చున్నావు? జీడి తోట అమ్మేద్దాం. తోట మళ్లీ కొనుక్కోవచ్చు" అన్నారు. ఆ తోట మళ్లీ కొనలేమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో రూల్స్ వెతుక్కుని చదివాను. ఏజెంటు చెప్పనివి అందులో ఉన్నాయి. అప్పటికీ ఇప్పటికీ రూల్స్ కొంత మారాయి కాబట్టి ఇప్పుడున్నవే చెప్తాను, రాసుకోండి. 2021 నవంబరు నుంచి ఉన్న నిబంధనల ప్రకారం విదేశంలో చదివే కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఇంగ్లీష్ మీడియంలో ఉండాలి. ఆపైన అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో ప్రాక్టీస్ చేసే అర్హత కూడా వచ్చే డిగ్రీ అయ్యుండాలి. తిరిగొచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష రాయాలి, 300కి 150 తెచ్చుకోవాలి. పాసయ్యాక మళ్లీ ఇక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్. విదేశం వెళ్లొద్దని నేను అనట్లేదు. ఇవన్నీ దాటి డాక్టర్లయినవాళ్లు ఉన్నారు. కానీ తోట అమ్మే ముందు ఈ లెక్క తెలియాలి కదా.

పొద్దున్నే నాన్నతో చెప్పాను, తోట అమ్మొద్దని. మరి నేను ఏం చేయాలి? అప్పుడే మొదటిసారి మెడికల్ కాలేజీ అంటే ఏమిటో సరిగ్గా చూశాను.

మనందరికీ మెడికల్ కాలేజీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత ఎండీ లేదా ఎంఎస్ మూడేళ్లు. కార్డియాలజీ, నెఫ్రాలజీ లాంటి సూపర్ స్పెషాలిటీ కావాలంటే డీఎం ఇంకో మూడేళ్లు. అంటే ఇంటర్ తర్వాత పదకొండున్నరేళ్లు, అదీ ప్రతి ఎంట్రన్స్‌లో మొదటిసారే సీటొస్తే. నీట్ మీదే బీడీఎస్ ఉంది, ఆయుర్వేదంలో బీఏఎంఎస్ ఉంది, హోమియోలో బీహెచ్ఎంఎస్ ఉంది. ఇవి మనలో చాలామందికి తెలుసు.

తెలియనిది పక్క బిల్డింగ్. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన నిలబడే అనస్తీషియా టెక్నాలజిస్టు, గుండె ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టు, సీటీ, ఎంఆర్ఐ తీసే ఇమేజింగ్ టెక్నాలజిస్టు, ల్యాబ్‌లో ఎంఎల్‌టీ, కంటి పరీక్షకి ఆప్టోమెట్రీ, మా డయాలసిస్. వీటన్నిటికీ డిగ్రీలున్నాయి. ఆంధ్రలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్లు ఇస్తాయి. నర్సింగ్‌లో అయితే బీఎస్సీ నాలుగేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్‌తో బీఎస్సీ తెచ్చుకోవచ్చు. తొందరగా ఉద్యోగంలో చేరాలనుకునేవాళ్లకి రెండేళ్ల డీఎంఎల్‌టీ లాంటి డిప్లొమాలున్నాయి.

నేను బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీలో చేరాను. నాకు ఇంటర్ మార్కుల మీద సీటొచ్చింది. మూడేళ్లు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఇప్పుడు ఈ కోర్సుల సిలబస్‌లు, అడ్మిషన్ పద్ధతులు మారుతున్నాయి. కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ మీరే తెరిచి చూడండి, నా మాట కూడా నమ్మొద్దు.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది ఏడుస్తూనే చదివాను. బస్సులో ఎవరైనా ఏం చదువుతున్నావంటే "మెడికల్ కాలేజీలో" అని ఆపేసేదాన్ని. కోర్సు పేరు చెప్పేదాన్ని కాదు. ఎంబీబీఎస్ పిల్లలు తెల్ల కోటు వేసుకుని పక్కనుంచి వెళ్తే తల దించుకునేదాన్ని.

అది మారింది ఇంటర్న్‌షిప్‌లో. ఒక పెద్దాయన మెషీన్ మీద ఉన్నారు. మూడో గంట నడుస్తోంది. వరసగా ఆవులిస్తున్నారు. పక్కనున్న ఆయన భార్య, "రాత్రి నిద్ర లేదమ్మా" అంది. కానీ మా సార్ క్లాసులో చెప్పింది గుర్తొచ్చింది. డయాలసిస్‌లో ఊరికే ఆవలింతలు వస్తే బీపీ పడిపోతోందేమో చూడమని. కఫ్ కట్టి చూస్తే నిజంగానే పడిపోయింది. వెంటనే సీనియర్‌ని పిలిచాను. నీరు తీయడం ఆపాం, తల కిందికి దించాం, సెలైన్ ఇచ్చాం, డ్యూటీ డాక్టరు వచ్చారు. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "ఏమైందమ్మా?" అన్నారు. "ఏం లేదు తాతా" అన్నాను. నా చేతులు మాత్రం వణుకుతున్నాయి.

ఆ రోజు పెద్దనాన్న గుర్తొచ్చారు. ఆయన పక్కన వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఉన్నది ఎవరు? డాక్టరు రౌండ్స్‌కి వచ్చి మందులు రాసి వెళ్తారు, అది వాళ్ల పని. సూది గుచ్చింది, మెషీన్ చూసింది, "భోజనం చేశారా" అని అడిగింది ఒక టెక్నీషియన్. ఆ మనిషి పేరు కూడా మాకు తెలియదు.

అలాగని మీకు అన్నీ తీపిగా చెప్పను. నేను డాక్టర్ని కాను. మందు రాయలేను, సొంతంగా వైద్యం చేయకూడదు. "ఈ కోర్సు చేస్తే పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. జీతం కూడా మొదట్లో తక్కువే. నాది 15 వేల లోపే మొదలైంది. నైట్ డ్యూటీలుంటాయి. చుట్టాలు "ఓ, టెక్నీషియనా" అంటారు. ఇవన్నీ తెలిసే చేరండి.

చేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ కోర్సు అయ్యాక నన్ను రిజిస్టర్ చేసేది ఎవరు? డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్, నర్సులకి నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టే, మనలాంటివాళ్ల కోసం 2021లో కేంద్రం ఒక చట్టం చేసింది, అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. మీ కోర్సు గుర్తింపు ఉన్నదో కాదో యూనివర్సిటీ జాబితాలో చూసుకోండి. కాలేజీ బోర్డు మీద చూసి కాదు.

రెండు, ట్రైనింగ్ ఎక్కడ? కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో రోజూ కేసులు వస్తాయా? డయాలసిస్ కోర్సు పెట్టి, రెండే మెషీన్లు ఉంటే మీరేం నేర్చుకుంటారు? వెళ్లి కళ్లారా చూడండి. ఫైనల్ ఇయర్ వాళ్లని క్యాంటీన్‌లో అడగండి, వాళ్లు నిజం చెప్తారు.

మూడు, దీని తర్వాత ఏంటి? ఎమ్మెస్సీ ఉందా, పబ్లిక్ హెల్త్‌లో ఎంపీహెచ్‌కి వెళ్లొచ్చా, టీచింగ్‌లోకి దారి ఉందా? నేను ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే ఎంపీహెచ్ ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. మా ఊళ్లలో ఈ జబ్బు ఎందుకొస్తోందో వెతికే టీమ్‌లో ఏదో ఒకరోజు పనిచేయాలని ఆశ.

ఇక చెల్లీ, నీ ప్రశ్న. లాంగ్ టర్మ్‌కి మళ్లీ వెళ్లాలా? సీటుకి కొద్ది మార్కుల దూరంలో ఆగి, ఇంకోసారి రాయాలని నీకే ఉంటే, వెళ్లు. ఇంట్లో వాళ్ల కోసమో, పక్కింటి వాళ్ల కోసమో అయితే వద్దు. ఆ మాట అమ్మానాన్నలతో కూర్చుని చెప్పు. కష్టమే. నేను చెప్పిన పొద్దున మా నాన్న ఏమీ మాట్లాడకుండా తోటకి వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చి, "ఫీజు ఎప్పుడు కట్టాలి?" అని మాత్రం అడిగారు.

ఈ ఏడాది కూడా ఆ తోటలో జీడిపిక్కలు ఏరాం.

మీకు ఏ కోర్సు గురించి వినాలనుందో చెప్పండి, ఆ పని చేస్తున్న వాళ్లనే తీసుకొచ్చి మాట్లాడిస్తాను. ఇంట్లో నీట్ రాసిన తమ్ముడో చెల్లో ఉంటే ఇది వాళ్లకి పంపండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.